రొమ్ము క్యాన్సర్ అని తేలాక, ఆపరేషన్ తేదీ లోపు

మీరు రాసినదాన్ని బట్టి నాకు అర్థమైనది ఇదీ. మీకు 46 ఏళ్లు. ఎడమ రొమ్ములో 1.8 సెంటీమీటర్ల గడ్డ. బయాప్సీలో క్యాన్సర్ అని వచ్చింది, చంకలో స్కానింగ్‌కు ఏమీ కనిపించలేదు. ఈఆర్, పీఆర్ పాజిటివ్, అంటే గడ్డ కణాల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టెరాన్ హార్మోన్లను అందుకునే గ్రాహకాలున్నాయి. హెర్2 మాత్రం 2+ అని ఉంది. ఆపరేషన్‌కు ఇంకా రెండున్నర వారాలుంది. గడ్డ వరకే తీయాలా, రొమ్ము మొత్తం తీసేయాలా అన్నది మిమ్మల్నే తేల్చుకోమన్నారు సర్జన్. ఇంట్లో అందరిదీ ఒకటే మాట, మొత్తం తీయించేస్తే పీడ వదిలిపోతుందని. ఈ ప్రస్తావన వస్తే మీవారు లేచి బయటికి వెళ్లిపోతున్నారు. 11 ఏళ్ల పాపకు ఇంకా ఏమీ చెప్పలేదు. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేస్తోంది. అందరూ ధైర్యంగా ఉండమంటున్నారు, ఆ ధైర్యం ఎలా తెచ్చుకోవాలని అడిగారు.

నేను రొమ్ము ఆపరేషన్ల వార్డులో నర్సుగా ఏళ్ల తరబడి పనిచేశాను. డాక్టరును కాను, మీకు ఏ చికిత్స సరిపోతుందో మీ డాక్టర్లే చెప్పాలి. ఆపరేషన్ ముందు రోజు మంచం మీద కూర్చున్నవాళ్లతో మాట్లాడడం మాత్రం నా పనిలో పెద్ద భాగం. అందుకని ధైర్యం గురించి నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: తెచ్చుకోనక్కరలేదు. ఏడుస్తూ ఆపరేషన్ గదిలోకి వెళ్లినవాళ్లకూ కుట్లు మానాయి, నవ్వుతూ వెళ్లినవాళ్లకూ మానాయి. మనసు గట్టిగా ఉంటేనే జబ్బు లొంగుతుందనే మాట వినడానికి బాగుంటుంది గానీ, అసలే కుంగి ఉన్న మనిషి మీద అది ఇంకో బరువు మోపుతుంది. రేపు రిపోర్టు బాగా రాకపోతే తప్పు తనదేననుకుంటుంది. మీరు బెంగ పెట్టుకున్నందువల్ల ఈ గడ్డ రాలేదు, భయపడినందువల్ల పెరగదు.

నేను చూసినంతలో మనిషిని ఎక్కువగా నలిపేసేవి ఇంకా వంతు రాని ప్రశ్నలు. కీమో ఇస్తారా, జుట్టు పోతుందా, ఇది ఏ స్టేజి, పాప పెళ్లి చూస్తానా. వీటిలో చాలావాటికి ఈరోజు మీ సర్జన్ దగ్గర కూడా జవాబు లేదు. దాచిపెడుతున్నారని కాదు, జవాబు ఉండే కాగితం ఇంకా తయారే కాలేదు. ఆపరేషన్‌లో తీసిన గడ్డనూ, చంకలోని లింఫు గ్రంథులనూ సూక్ష్మదర్శిని కింద చూసి ఇచ్చే రిపోర్టు అది. కాబట్టి రాత్రి రెండింటికి మెలకువ వస్తే ఫోను తీయకండి, ఒక నోటుపుస్తకం తీయండి. పేజీ మధ్యలో నిలువుగా గీత గీసి, ఎడమవైపు ఆపరేషన్ లోపు తేలాల్సినవి, కుడివైపు ఆ రిపోర్టు వచ్చాకే తేలేవి రాయండి. కుడివైపు చూస్తుండగానే నిండిపోతుంది. ఎడమవైపు నాలుగైదు మించవు. ఇప్పుడు మీ బాధ్యత ఆ ఎడమవైపు వాటి వరకే. వరసగా కొన్ని రాత్రులు నిద్ర లేకపోతే ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పండి. కొద్ది రోజులకు మందు ఇస్తారు, అది చేతకానితనం కాదు.

ఎడమవైపు మొదట రాయాల్సింది హెర్2. అది కణాల మీద ఉండే ఒక ప్రోటీన్. 0 లేదా 1+ వస్తే నెగిటివ్‌గా లెక్కవేస్తారు, 3+ అయితే పాజిటివ్. 2+ అంటే ఆ పరీక్షలో తేలలేదని అర్థం. దాన్ని తేల్చడానికి ఫిష్ అనే పరీక్ష ఉంది. బయాప్సీలో తీసిన ముక్క మీదే చేస్తారు, మళ్లీ సూది గుచ్చరు. ఇది ఇప్పుడే ఎందుకు తేలాలంటే, హెర్2 పాజిటివ్ అయినప్పుడు కొందరికి ముందు కీమోతో పాటు హెర్2ను అడ్డుకునే ట్రాస్టుజుమాబ్ వంటి మందు ఇచ్చి, గడ్డ కరిగాక ఆపరేషన్ చేస్తారు. గడ్డ 2 సెంటీమీటర్లు దాటినా, చంక గ్రంథుల్లోకి వెళ్లినా ఆ వరసను ఎక్కువగా ఎంచుకుంటారు. మీ గడ్డ చిన్నది కాబట్టి ముందు ఆపరేషనే మేలని మీ సర్జన్ అనవచ్చు. కానీ ఆ మాట ఫిష్ ఫలితం చూసి అనాలి. వచ్చే వారం కలిసినప్పుడు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే.

రిపోర్టు చేతిలో ఉంది కాబట్టి ఇంకొక్క మాట. అందులో గ్రేడ్ అని, పక్కన ఒక అంకె ఉంటుంది. గ్రేడ్ 3 చూసి మూడో స్టేజి అనుకుని బెంబేలెత్తినవాళ్లు ఎంతమందో. కణాలు మామూలు కణాలకు ఎంత భిన్నంగా కనిపిస్తున్నాయో గ్రేడ్ చెబుతుంది. జబ్బు ఎంత పెద్దది, ఎంత దూరం పాకింది అన్నది స్టేజి. మీ స్టేజి ఆపరేషన్ తర్వాతే పూర్తిగా తెలుస్తుంది, అంటే అది కుడివైపు ప్రశ్న.

ఈ రెండున్నర వారాల్లో అది పాకిపోతుందేమోనన్న భయం అందరికీ ఉంటుంది. చేతికి తగిలే సైజుకు రావడానికి ఇలాంటి గడ్డకు సాధారణంగా చాలా కాలమే పడుతుంది. పరీక్షలు పూర్తిచేసుకుని, ఆలోచించుకుని, కావాలంటే ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవడానికి రెండు మూడు వారాలు తీసుకోవడం మామూలే. నెలల తరబడి వాయిదా వేయడం వేరు, అది వద్దు. రెండో అభిప్రాయానికి వెళితే రిపోర్టు కాగితంతో పాటు బయాప్సీ స్లైడ్లు కూడా అడిగి తీసుకెళ్లండి, అక్కడి పాథాలజిస్టు వాటిని తానే చూడగలుగుతారు. సూది గుచ్చారు కాబట్టి క్యాన్సర్ ఒళ్లంతా పాకిందని, కోసినప్పుడు గాలి తగిలితే చెలరేగుతుందని ఎవరైనా అంటే వదిలేయండి. రెండూ నిజం కావు.

ఇక అసలు తర్జనభర్జన. మొత్తం తీస్తే పీడ పోతుందన్న నమ్మకం ఇంట్లోవాళ్లకే కాదు, ఒకప్పుడు సర్జన్లకూ ఉండేది. 19వ శతాబ్దం చివర్లో హాల్‌స్టెడ్ అనే అమెరికన్ సర్జన్ రొమ్ముతో పాటు ఛాతీ కండరాలను, చంక గ్రంథులను కూడా తీసేసే ఆపరేషన్‌కు పేరు తెచ్చారు. అది దశాబ్దాల పాటు సాగింది. 1970లలో ఇటలీలో వెరోనేసి, అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్లు దాన్ని పరీక్షకు పెట్టారు. మిలాన్‌లో వెరోనేసి బృందం 2 సెంటీమీటర్లు మించని గడ్డలున్న 701 మందిని తీసుకుంది, అంటే మీలాంటి వాళ్లనే. సగం మందికి హాల్‌స్టెడ్ ఆపరేషన్, సగం మందికి గడ్డ ఉన్న భాగం వరకు తీసి రేడియేషన్. 20 ఏళ్లు గమనించి 2002లో ఫలితాలు ప్రచురించారు. రెండు గుంపుల్లోనూ బతికినవాళ్ల సంఖ్యలో తేడా లేదు. ఫిషర్ బృందం 20 ఏళ్ల ఫలితాలూ అదే ఏడాది వచ్చాయి, అవీ అదే చెప్పాయి.

తేడా ఉన్నది ఇంకోచోట. అదే చోట జబ్బు తిరగబెట్టడం మిలాన్‌లో రొమ్ము ఉంచుకున్న గుంపులో 30 మందికి, తీసేసిన గుంపులో 8 మందికి జరిగింది. ఫిషర్ అధ్యయనంలో గడ్డ తీసి రేడియేషన్ కూడా ఇచ్చినవారిలో 20 ఏళ్లలో సుమారు 14 శాతం మందికి అదే రొమ్ములో తిరిగి వచ్చింది, రేడియేషన్ ఇవ్వనివారిలో 39 శాతం మందికి. ఇప్పుడు మందులు మెరుగయ్యాయి కాబట్టి ఆ అంకెలు తగ్గాయి. ఇందులో మీరు పట్టుకోవాల్సింది రేడియేషన్ సంగతి. మీ వయసులో రొమ్ము ఉంచుకోవాలనుకుంటే రేడియేషన్ అందులో భాగమే, అది వద్దనుకుని గడ్డ మాత్రం తీయించుకుంటానంటే లెక్క కుదరదు. రొమ్ము మొత్తం తీసినా చర్మం కింద కొద్దిగా కణజాలం మిగులుతుంది, కాబట్టి తిరగబెట్టే అవకాశం సున్నా కాదు. మొత్తం తీయించుకుంటే కీమో తప్పుతుందనేది కూడా అపోహే. కీమో అవసరమా కాదా అన్నది గడ్డ గుణాన్ని బట్టి, గ్రంథులను బట్టి ఉంటుంది. ఏ ఆపరేషన్ చేయించుకున్నారన్నది దానికి సంబంధం లేని విషయం.

అలాగని మొత్తం తీయడం తప్పనను. ఒకే రొమ్ములో దూరదూరంగా గడ్డలుంటే, రొమ్ము సైజుకు గడ్డ మరీ పెద్దదైతే, అదే చోట ఇంతకుముందు రేడియేషన్ తీసుకుని ఉంటే, రేడియేషన్ ఇవ్వడానికి వీల్లేకపోతే అదే సరైన దారి కావచ్చు. ఇవేవీ లేకపోయినా, రొమ్ము ఉంచుకుంటే మామోగ్రామ్ తీయించుకున్న ప్రతిసారీ ప్రాణం గిలగిల్లాడుతుందని తెలిసి తీయించుకున్నవాళ్లు ఉన్నారు, వాళ్లలో చాలామంది ఆ నిర్ణయంతో స్థిమితంగానే ఉన్నారు. నా అభ్యంతరం ఒక్కటే: ఎక్కువ కోస్తే ఎక్కువ కాలం బతుకుతామనే లెక్కతో మాత్రం తీయించుకోకండి. తీయించుకుంటే కొత్త రొమ్ము ఆకారం అప్పుడే కట్టించుకోవచ్చా, తర్వాతా అన్నది ముందే అడగండి, ఎందుకంటే చర్మం ఎంత ఉంచాలో దాన్ని బట్టి ఉంటుంది. కట్టించుకోకుండా ఉండిపోవడం కూడా ఒక నిర్ణయమే, దానికి ఎవరికీ సంజాయిషీ ఇవ్వక్కరలేదు.

జన్యు పరీక్ష కూడా ఎడమవైపే రాయండి. రొమ్ము క్యాన్సర్లలో 5 నుంచి 10 శాతం మాత్రమే వారసత్వంగా వచ్చిన జన్యు మార్పుల వల్ల కలిగేవి. అయితే 50 లోపు వయసులో జబ్బు వచ్చినప్పుడు, దగ్గరి బంధువుల్లో రొమ్ము లేదా అండాశయ క్యాన్సర్ ఉన్నప్పుడు ఈ పరీక్ష గురించి మాట్లాడాలి. రొమ్ము, అండాశయ క్యాన్సర్ల ముప్పు పెంచే బీఆర్‌సీఏ అనే జన్యువుల్లో మార్పు ఉందని తేలితే రెండో రొమ్ము విషయంలో ఆలోచన మారుతుంది. అది లేనివాళ్లకు జబ్బులేని రెండో రొమ్మును కూడా తీసేయడం వల్ల ఆయుష్షు పెరిగినట్టు ఆధారాలు లేవు.

పాప సంగతి. ఆమెకు ఇప్పటికే ఏదో తెలుసు. తలుపు వేసుకుని ఫోన్లు మాట్లాడుకోవడం, వాళ్ల నాన్న ముఖం, అన్నీ గమనించే వయసే అది. మీరు చెప్పకపోతే తనకు తోచింది ఊహించుకుంటుంది, ఆ ఊహ సాధారణంగా నిజం కన్నా భయంకరంగా ఉంటుంది. జబ్బు పేరు పెట్టే చెప్పండి. 'ఒంట్లో బాగోలేదు' అంటే, రేపు తనకు జ్వరం వచ్చినా అదేననుకుంటుంది. ఇది అంటుకోదని, తను చేసిన దేనివల్లా రాలేదని రెండు మాటలు మరవకుండా చెప్పండి. 'అమ్మ చనిపోతుందా?' అని అడిగితే ఏమీ కాదని ఒట్టు వేయకండి. 'నయం చేయడానికే ఈ ఆపరేషన్. కొత్తగా ఏది తెలిసినా నీకు నేనే చెబుతాను' అంటే చాలు, ఆ తర్వాత నిజంగా చెప్పాలి. పిల్లలు వెంటనే అడిగేది మాత్రం చాలాసార్లు ఇంకోటి ఉంటుంది: ఆ రోజు నన్ను బడి నుంచి ఎవరు తీసుకొస్తారు? దానికి జవాబు ముందే సిద్ధంగా పెట్టుకోండి.

లేచి బయటికి వెళ్లిపోయే మగవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లకు మాట్లాడమని చెబితే నోరు పెగలదు, పని చెబితే చేస్తారు. రొమ్ము మొత్తం తీసినా, చంక గ్రంథులను ఎక్కువగా తీసినా గాయం దగ్గర ఒక సన్నని గొట్టం పెడతారు, దాని చివర చేత్తో నొక్కితే అణిగే బుడ్డి ఉంటుంది. లోపల ఊరే ద్రవం అందులోకి వస్తుంది. రోజూ దాన్ని కొలతగ్లాసులోకి వంచి, ఎన్ని మిల్లీలీటర్లో రాసి, బుడ్డిని నొక్కిపట్టి మూత బిగించాలి. అప్పుడే లోపలికి పీల్చే శక్తి నిలుస్తుంది. మొదట ఎర్రగా వస్తుంది, రోజులు గడిచేకొద్దీ పలచబడి లేత పసుపు రంగుకు మారుతుంది. 24 గంటల్లో 30 మిల్లీలీటర్ల లోపుకు తగ్గితే మామూలుగా గొట్టం తీసేస్తారు. భార్యతో ఒక్క మాట మాట్లాడలేని ఒకాయన ఈ పని నేర్చుకున్నారు. తేదీ, వేళ, కొలత, రంగు గళ్లు గీసి మరీ రాసుకొచ్చేవారు, ముప్పై రెండుకూ ముప్పైకీ మధ్య తేడా గురించి డాక్టరుతో వాదించేవారు. మీవారికి అలాంటిదొకటి అప్పగించండి. గొట్టం అవసరం రాకపోతే, డాక్టరు దగ్గర మీరు అడిగే ప్రశ్నలకు వచ్చిన జవాబులు రాసే పనైనా సరే.

బంధువులకు కబురు చెప్పే పని కూడా మీరు పెట్టుకోకండి. ఒక్కరిని నియమించండి, అందరూ వాళ్లకే ఫోను చేస్తారు. తెలిసినావిడ ఎవరో ఇలాగే పోయిందని కథ మొదలుపెట్టేవాళ్లు తప్పకుండా వస్తారు. 'ఇప్పుడు వినలేను' అని లేచి వెళ్లిపోవచ్చు, జబ్బు మనిషికి ఆ హక్కు ఉంది.

ఆపరేషన్‌కు ముందు మత్తు డాక్టరు మిమ్మల్ని చూస్తారు. వేసుకునే ప్రతి మందూ చెప్పండి, ముఖ్యంగా రక్తం పలచబరిచేవి, ఆస్పిరిన్, మధుమేహం మందులు, మూలికా మందులు. ఏది ఎప్పుడు ఆపాలో వాళ్లే చెబుతారు, మీ అంతట మీరు ఆపకండి. ఇంతకుముందు మత్తు తర్వాత వాంతులై ఉంటే అదీ చెప్పండి, దానికి ముందే మందు ఇస్తారు. ముందు గుండీలున్న వదులైన బట్టలు రెండు మూడు జతలు పెట్టుకోండి, కొన్నాళ్లు చెయ్యి పైకెత్తి తొడుక్కోవడం కష్టం. ఇంట్లో రోజూ వాడే వస్తువులు నడుము ఎత్తులో సర్దుకోండి. చేతి వ్యాయామాలు ఆపరేషన్ ముందే నేర్పించమని ఫిజియోథెరపిస్టును అడగండి. నొప్పిలో నేర్చుకోవడం కన్నా ఇప్పుడు తేలిక.

ఆ రోజు మీరు మెలకువగా ఉండగానే సర్జన్ పెన్నుతో ఏ వైపో గుర్తు పెడతారు. చూసి, అవును ఇదేనని మీరూ అనండి. చంకలో సెంటినల్ గ్రంథి బయాప్సీ చేస్తారు. రొమ్ము నుంచి వచ్చే ద్రవం మొదట చేరే ఒకటి రెండు గ్రంథులను నీలిరంగుతోనో, కొద్దిపాటి రేడియోధార్మిక పదార్థంతోనో, రెండింటితోనో గుర్తించి, వాటినే తీసి చూడడం అది. నీలిరంగు వాడితే మర్నాడు వరకు మూత్రం నీలంగానో ఆకుపచ్చగానో వస్తుంది. ఎవరూ చెప్పకపోవడం వల్ల మరుగుదొడ్డిలోంచి కేక పెట్టినవాళ్లున్నారు, అందుకే చెబుతున్నాను. గడ్డ వరకే తీస్తే చాలామంది అదే రోజో మర్నాడో ఇంటికి వెళ్లిపోతారు.

తర్వాత మిమ్మల్ని ఆశ్చర్యపరిచేది నొప్పి కన్నా మొద్దుబారడం. పై చెయ్యి లోపలివైపు, చంక దగ్గర స్పర్శ తెలియకపోవచ్చు, సూదులు గుచ్చినట్టు ఉండవచ్చు. అక్కడి నరం దెబ్బతినడం వల్ల అది జరుగుతుంది. కొందరికి తగ్గుతుంది, కొందరికి కొంత మిగిలిపోతుంది. కొన్ని వారాలకు చంక నుంచి మోచేతి వైపు తాడులా బిగుసుకున్న గీత తగిలితే క్యాన్సర్ అనుకోకండి, వ్యాయామంతో వదులవుతుంది, ఫిజియోథెరపిస్టుకు చూపించండి. భయపడి చెయ్యి కదపకుండా పెట్టుకుంటే భుజం పట్టేస్తుంది. గాయాన్ని మొదటిసారి ఎప్పుడు చూసుకోవాలన్నది మీ ఇష్టం. ఒంటరిగా అద్దం ముందు కాకుండా, కట్టు మార్చేటప్పుడు నర్సు పక్కన ఉండగా చూసుకోవడం నయమని నేను చెబుతుంటాను. 38 డిగ్రీల సెల్సియస్ దాటి జ్వరం వచ్చినా, గాయం చుట్టూ ఎరుపు పాకుతున్నా, ఉన్నట్టుండి రొమ్ము గట్టిగా ఉబ్బినా తెల్లవారేదాకా ఆగకుండా ఫోను చేయండి. నెమ్మదిగా నీరు చేరి మెత్తగా ఉబ్బడం వేరు, అవసరమైతే దాన్ని సూదితో లాగేస్తారు. చెయ్యి వాచే లింఫెడెమా గురించి కూడా అడిగారు. సెంటినల్ బయాప్సీ మాత్రమే అయితే అది సుమారు 5 శాతం మందికి, చంక గ్రంథులన్నీ తీస్తే సుమారు 20 శాతం మందికి వస్తుంది. ఉంగరమో గాజులో బిగుతైనట్టు అనిపించగానే చూపించుకుంటే అదుపులో పెట్టడం తేలిక.

ఆ తర్వాత రిపోర్టు కోసం ఎదురుచూడాలి, తరచుగా వారం నుంచి రెండు వారాలు. ఆపరేషన్ కన్నా ఇదే కష్టమని చాలామంది అంటారు. రెండు సంగతులు ముందే తెలిస్తే ఆ రోజు కాళ్ల కింద నేల కదలదు. తీసిన ముక్క అంచుకు సిరా పూసి చూస్తారు, సిరా ఉన్నచోట క్యాన్సర్ కణాలుంటే ఇంకాస్త తీయడానికి మళ్లీ ఆపరేషన్ అంటారు. ఇది అరుదైన విషయం కాదు, జబ్బు ముదిరిందని దాని అర్థం కాదు. రెండోది, సెంటినల్ గ్రంథుల్లో ఒకటి రెండింటిలో క్యాన్సర్ ఉన్నా చంక మొత్తం ఖాళీ చేయాలని లేదు. గడ్డ వరకే తీసి రేడియేషన్ తీసుకునేవాళ్లలో చాలామందికి అది అవసరం లేదని 2011లో ప్రచురితమైన అమెరికా అధ్యయనం చూపింది. గ్రంథుల గురించి చెడు వార్త వస్తే వెంటనే ఈ ప్రశ్న వేయండి.

ఈఆర్ పాజిటివ్ కాబట్టి హార్మోన్ మాత్రలు దాదాపు ఖాయంగా ఉంటాయి, కనీసం 5 ఏళ్లు. కీమో ఉంటుందా లేదా అన్నది మీ నోటుపుస్తకంలో కుడివైపే ఉండనివ్వండి. ఫిష్ ఫలితం రాగానే ఒకసారి, ఆపరేషన్ రిపోర్టు రాగానే ఇంకోసారి నాకు రాయండి. రిపోర్టులో గడ్డ సైజు, గ్రేడ్, అంచులు, గ్రంథుల లెక్క ఉన్న వరుసలు ఉన్నవి ఉన్నట్టు రాస్తే, ఆంకాలజిస్టును ఏమేమి అడగాలో కలిసి చూద్దాం.